రీస్టార్ట్ కాని మా సిస్టమ్‌ని ఫార్మాట్ లేకుండా బాగుచేసిన మేడమ్ గారికి కృతజ్ఞతలు

మా ఇంటి కంప్యూటర్ మళ్లీ మామూలుగా పనిచేస్తోంది. శ్రావణ ముహూర్తాల శుభలేఖలు టైముకే ప్రెస్‌కి వెళ్లాయి. అందుకు కారణమైన వాళ్లకి అందరి ముందూ థాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. ముందుగా చెప్పాల్సింది మా పక్క వీధిలో ఉండే మేడమ్ గారికి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుని రిటైరయ్యారు. పేరు పెట్టొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టడం లేదు.

తెలియనివాళ్ల కోసం: నేను విజయవాడలో ఇంట్లోనే డీటీపీ (కంప్యూటర్‌లో కార్డులు, పుస్తకాల పేజీలు తయారుచేసే పని) చేసుకుంటాను. ఇప్పటికీ పేజీలు కూర్చడానికి 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకి పాత అను ఫాంట్లే. ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు కనిపించే యూనికోడ్‌కి మారమని అందరూ అంటారు. పాత కస్టమర్ల పుస్తకాలు, కార్డులు అన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి మరి. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే డిస్కులో ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించే ‘ఫార్మాట్’ అన్న మాట వింటేనే నాకు టెన్షన్.

ఆషాఢంలో గాలివానలకి కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో ఈ గొడవ మొదలైంది. పొద్దున ఆన్ చేస్తే సిస్టమ్ చక్కగా వచ్చేది. రీస్టార్ట్ కొడితే మాత్రం విండోస్ మూసుకుని, కంపెనీ లోగో కనపడి, ఆ తర్వాత నల్ల తెర మీద ఎడమ మూల చిన్న గీత మినుకుమినుకుమంటూ ఉండిపోయేది. ఎంతసేపు చూసినా అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, ప్లగ్ దగ్గర కూడా స్విచ్ తీసి, కాసేపాగి వేస్తే మళ్లీ లేచేది. అప్‌డేట్లు వచ్చినప్పుడు ఇంకా నరకం, ఎందుకంటే అవి రీస్టార్ట్ అడక్కుండా ఊరుకోవు. ఒక షాపులో చూపిస్తే విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయాలన్నారు. ఇంకో చోట మదర్‌బోర్డే పోయిందన్నారు, దానికన్నా కొత్త సిస్టమ్ కొనుక్కోవడం మేలన్నారు.

ప్రెస్ నడిపే తమ్ముడు ప్రూఫుల కోసం వచ్చి నా అవస్థ చూసి, “అన్నా, ఒక్కసారి మేడమ్‌ని అడగరాదూ” అని తనే ఫోన్ కలిపిచ్చాడు. అతనికీ థాంక్స్. కార్డులు లేటవుతున్నా కస్టమర్లకి సర్దిచెప్పుకున్నది అతనే.

మేడమ్ వచ్చి కుర్చీలో కూర్చున్నారు గానీ చాలాసేపు మౌస్ ముట్టుకోలేదు. అడిగిందే మళ్లీ అడిగారు. “ఆగేది లోగో రాకముందా, వచ్చాకా బాబూ? విండోస్ చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి కదా, అవి వస్తున్నాయా లేదా?” చుక్కలు రావడం లేదన్నాను. “అయితే విండోస్‌కి ఇంకా వంతే రాలేదు. దాన్ని ఫార్మాట్ చేసి ఏం లాభం?” అన్నారు. ఇన్నాళ్లుగా నాకు ఎవరూ చెప్పని ముక్క ఇది. బటన్ నొక్కగానే ముందు లేచేది మదర్‌బోర్డు మీదున్న బయాస్ అనే చిన్న ప్రోగ్రామ్. అది ర్యామ్, కీబోర్డు, డిస్కులు ఉన్నాయో లేదో చూసుకుని, ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో తేల్చుకుని, అప్పుడు గానీ విండోస్‌ని పిలవదు. మా సిస్టమ్ ఆ తేల్చుకునే చోటే ఆగిపోతోందన్న మాట.

అయినా ఆవిడ ఊహ మీద వదిలేయలేదు. ముందు నా ఫైళ్లు, ఫాంట్లు వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించారు. అది అయ్యేదాకా ఇంకే పనీ మొదలుపెట్టనివ్వలేదు. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచారు. విండోస్ తన దినచర్య రాసుకునే చోటు అది. నేను రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ 1074 అనే నంబరు, దాని వెనకే 6006 ఉన్నాయి. మొదటిది రీస్టార్ట్ అడిగారని, రెండోది లాగ్ సర్వీసు ఆగిందని, అంటే విండోస్ పద్ధతిగానే మూసుకుందని. మూసేటప్పుడు చెడిపోతే 41 నంబరు కనపడాలట. ఆ 41 చూసి చాలామంది పవర్ సప్లై మార్చేస్తుంటారని, నిజానికి బటన్ నొక్కిపట్టి ఆపినా, కరెంటు పోయినా అదే నంబరు పడుతుందని చెప్పారు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా తెలిసింది. విండోస్ 8 దగ్గర్నుంచి షట్‌డౌన్ అంటే మామూలుగా పూర్తి షట్‌డౌన్ కాదట. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ లోపలి భాగాన్ని డిస్కులో దాచిపెట్టి, పొద్దున దాన్నే మళ్లీ ఎక్కిస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటి నుంచి మొదలవుతుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ కొడితే నిజంగా పూర్తిగా ఆగుతుంది. మేడమ్ అలాగే ఆపి, ప్లగ్ తీసి, మళ్లీ ఆన్ చేస్తే విండోస్ హాయిగా వచ్చింది. కాబట్టి అది మొదటి నుంచి లేవగలదు, దానికి ఏ రోగమూ లేదు.

అసలు విషయం బయటపడింది ఆ తర్వాత పరీక్షలో. ఇది నాకు బాగా నచ్చింది కాబట్టి వివరంగా రాస్తాను. ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లారు (కొన్ని కంపెనీలకి ఎఫ్2 ఉంటుంది). అక్కడ ఏమీ మార్చకుండా ‘సేవ్ అండ్ ఎగ్జిట్’ కొట్టారు. అంటే విండోస్ ప్రమేయమే లేకుండా రీస్టార్ట్. మళ్లీ అదే గీత, అదే మినుకు! “చూశావా బాబూ” అని నవ్వారు. ఇక ప్రింటర్, స్కానర్, కార్డ్ రీడర్, బ్యాకప్ కోసం వేరే అడాప్టర్‌తో నడిచే పాత పెద్ద హార్డ్ డిస్కు అన్నీ పీకించి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచి మళ్లీ కొట్టారు. గబగబా లేచింది. ఆ తర్వాత ఒక్కొక్కటే పెడుతూ, ప్రతిసారీ రీస్టార్ట్ చేస్తూ, కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ వెళ్లారు. నాకైతే రెండేసి కలిపి పెట్టేద్దామనిపించింది. ఆవిడ ఒప్పుకోలేదు. బ్యాకప్ డిస్కు దగ్గర దొరికింది దొంగ.

బయాస్‌లో ఏ డిస్కు ముందు చూడాలన్న వరస చూస్తే యూఎస్‌బీ డిస్కు (అంటే ఆ బ్యాకప్ డిస్కు) మొదట ఉంది, లోపలి హార్డ్ డిస్కు తర్వాత. పొద్దున ఆన్ చేసినప్పుడు ఆ పెద్ద డిస్కు తిరగడం అందుకునేలోపే బయాస్ దాన్ని దాటేసి లోపలి డిస్కుకి వెళ్లిపోయేది. రీస్టార్ట్‌లో అది అప్పటికే తిరుగుతూ ఉంటుంది కదా, బయాస్ దాని మొదటి సెక్టార్ చదివి, విండోస్ ఉందనుకుని పగ్గాలు దానికి అప్పగించి అక్కడే ఇరుక్కునేది. మన ఊళ్లో అడ్రస్ అడిగితే తెలియకపోయినా చేయి చూపించే పెద్దమనుషులు ఉంటారే, అలా అన్నమాట.

వరస మార్చేస్తే అయిపోయిందనుకున్నాను. మేడమ్ ఇంకా బయాస్ తెరకేసి చూస్తూనే ఉన్నారు. తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. విండోస్‌లోకి వెళ్లి నెట్ కలవగానే టైము సరిదిద్దుకుంటోంది కాబట్టి పెద్దగా బయటపడలేదు, పొద్దున్నే కొన్ని సైట్లు తెరుచుకోకపోవడం తప్ప. “ఇది పోయింది” అంటూ సీపీయూ మూత తీయించి, బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ చూపించారు. ప్లగ్ తీసినా బయాస్ తేదీని, సెట్టింగులని నిలిపి ఉంచేది ఇదేనట. సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, ఆ పేరు అందుకే. 3 వోల్టులు ఉండాల్సింది, మల్టీమీటర్ పెడితే రెండుకి కాస్త పైన చూపించింది. పిడుగుల భయంతో నేను రోజూ రాత్రి ప్లగ్ తీసేస్తాను. ప్లగ్ తీసిన ప్రతిసారీ బయాస్ తన సెట్టింగులు మరిచిపోయి కంపెనీ ఇచ్చిన వరసకి వెళ్లిపోతోంది. మా బోర్డులో ఆ వరసలో యూఎస్‌బీదే మొదటి స్థానం. కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు ఎఫ్1 నొక్కమని ఆపి చెబుతాయట. మాది కిక్కురుమనలేదు.

చీకటి పడింది, కంప్యూటర్ షాపులు కట్టేశారు. ఆ బ్యాటరీ ఇచ్చింది మా సందు చివర గడియారాల షాపు బాబాయ్ గారు. షట్టర్ సగం దించినవారు మళ్లీ ఎత్తి, వెతికి, మీటర్ మీద పెట్టి చూసి మరీ ఇచ్చారు. యాభై రూపాయలు కూడా కాలేదు. ఆయనకీ చాలా థాంక్స్. ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి, కేసు ఇనుము ఒకసారి తాకి, పాతది తీసి కొత్తది పెట్టాం. తేదీ సరిచేసి, లోపలి డిస్కుని మొదటికి తెచ్చి సేవ్ చేశాం. బ్యాకప్ డిస్కు తగిలించే ఉంచి రీస్టార్ట్ కొట్టాను. గుండ్రటి చుక్కలు వచ్చాయి. మా ఆవిడ వంటింట్లోంచి “వచ్చిందా?” అని అరిచింది, నా మొహం చూడకుండానే.

మధ్యలో ఆగిన అప్‌డేట్ల వల్ల ఏమైనా చెడిందేమోనని మేడమ్ విండోస్ సొంత ఫైళ్లని సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్ కూడా పెట్టారు, ఏమీ లేదని తేలింది. ఫీజు ఎంతని అడిగితే కాఫీ చాలన్నారు. మనవరాలి ఓణీల ఫంక్షన్ కార్డు నేనే చేస్తానని ఒప్పించాను, దానికి మాత్రం తలూపారు.

ఆవిడ టిక్కులు పెట్టిన కాగితం నా దగ్గరే ఉంది. లోగో దాటాక ఇలాగే ఆగిపోయే సిస్టమ్ ఎవరింట్లోనైనా ఉంటే రండి, జిరాక్స్ ఇస్తాను. ఇక నా వంతు ఒక పని మిగిలింది. ఆ బ్యాకప్ డిస్కు బాగా పాతదైపోయింది, కొత్తది కొని అందులో ఉన్నదంతా దించమన్నారు. ఈ ఆదివారం అదే పని, ఆవిడ మళ్లీ అడిగేలోపు.