2024–25 వార్షిక నివేదిక: నేర్చుకున్నది రాసుకోవడం

గౌరవనీయులైన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు విశాఖపట్నంలోని వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, టెక్నీషియన్లు సభ్యులుగా ఉన్న మన సంఘం చేసిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. రక్తదాన శిబిరం, బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చేవారికి బీపీ, షుగరు పరీక్షలు, పదో తరగతి పాసైన సభ్యుల పిల్లలకు బహుమతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని నిరుడు సర్వసభ్య సమావేశం మనకు అప్పగించిన ఒక్క పనికే కేటాయించాం. వృత్తిలో ఉంటూ నేర్చుకుంటున్నదాన్ని సభ్యులు ఎవరికి వారు నమోదు చేసుకునే అలవాటును ఏర్పరచడమే ఆ పని.

నేర్చుకునే అవకాశాలకు విశాఖపట్నంలో కొరత లేదు. 1923లో మొదలైన వైద్య కళాశాల, దానికి అనుబంధంగా కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, ఆరిలోవ హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రులు ఇక్కడే ఉన్నాయి. ఏదో ఒక సీఎంఈ (వృత్తిలో ఉన్నవారి నిరంతర వైద్య విద్యా సదస్సు), ఏదో ఒక వర్క్‌షాప్ జరగని వారం అరుదు. మన సభ్యుల్లో చాలామంది బీరువాల్లో సర్టిఫికెట్లు ఫైళ్లకు ఫైళ్లు ఉన్నాయి. అయితే ఆ సర్టిఫికెట్ తెచ్చిపెట్టిన సదస్సులో విన్నది మరుసటి వారం వార్డులో దేనికి పనికొచ్చిందని అడిగితే, జవాబు చెప్పడానికి ఎవరికైనా కొంత సమయం పడుతుంది. భోజనం ఎలా ఉందో మాత్రం అందరికీ గుర్తుంటుంది. నిరుటి సమావేశంలో ఒక సీనియర్ నర్సింగ్ సూపరింటెండెంట్ గారు లేవనెత్తిన ఈ మాటే కార్యక్రమానికి బీజం.

ముందుగా నిబంధనల సంగతి. ఈ విషయంలో సభ్యులకు గందరగోళం ఉన్నట్టు కనిపించింది. వైద్యులు ఐదేళ్లకోసారి కనీసం 30 గంటలు సీఎంఈకి హాజరు కావాలని 2002 నాటి వృత్తి నియమావళి చెబుతోంది. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ ప్రకటించిన కొత్త నిబంధనలను అదే నెల 23న నిలిపివేశారు కనుక పాతవే అమల్లో ఉన్నాయి. నర్సుల రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్యను భారత నర్సింగ్ మండలి కోరుతోంది. ఫార్మసిస్టులకు 2015 నిబంధనల ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు ఉండాలి. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, రేడియాలజీ సిబ్బంది వంటివారి వృత్తులను 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఒక కమిషన్ పరిధిలోకి తెచ్చింది. వీటన్నిటిలోనూ లెక్కకు వచ్చేది హాజరే. గంటలు కూర్చున్నారా లేదా అన్నదే ప్రశ్న గాని, కూర్చున్నందువల్ల పనిలో ఏం మారిందన్నది ఎవరూ అడగరు. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి నర్సులు మూడేళ్లకోసారి 35 గంటల అభ్యసనాన్ని, అందులో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నదాన్ని చూపడంతో పాటు, తమ పని గురించి ఐదు పునరాలోచన వ్యాసాలు రాసి, మరో రిజిస్టర్డ్ నర్సుతో వాటిని చర్చించాలి. అక్కడి పద్ధతులన్నీ మనకు సరిపోతాయని కార్యవర్గం అనుకోవడం లేదు. ఆ చివరి భాగం మాత్రం మనకూ అవసరమేనని అనుకున్నాం.

ఎందుకు అవసరమో మన ఊరి అనుభవమే చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు లేని రోజుల్లో వార్డులు నడిపినవారు మనలో ఉన్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు ఊపిరాడని స్థితిలో, మంటపుట్టే కళ్లతో వచ్చినవారికి బట్టలు మార్పించి, కళ్లూ ఒళ్లూ నీళ్లతో కడిగి, ఆక్సిజన్ పెట్టినవారూ ఉన్నారు. వరసగా వస్తున్నవారిలో ఎవరిని ముందు చూడాలి, గేటు దగ్గర ఎవరు నిలబడాలి, బంధువులకు సమాచారం ఎవరు చెప్పాలి అన్నవి ఆ కొద్ది గంటల్లో వారు నేర్చుకున్న పాఠాలు. అవి ఏ సదస్సులోనూ దొరకవు. వాటిలో కాగితం మీదికి ఎక్కినవి చాలా తక్కువ. ఆ రోజు డ్యూటీలో ఉన్నవారు రిటైరవుతున్నారు, బదిలీ మీద వెళ్తున్నారు. వారితో పాటే ఆ జ్ఞానమూ వెళ్లిపోతోంది.

అందుకని జూన్‌లో సభ్యులందరికీ ఒక నోటు పుస్తకం ఇచ్చాం. మొదట అందులో గిబ్స్ అనే విద్యావేత్త 1988లో సూచించిన ఆరు దశల చట్రాన్ని అచ్చు వేయించాం: ఏం జరిగింది, ఏమనిపించింది, మంచిచెడ్డలు, విశ్లేషణ, నిర్ధారణ, ఇకపై ఏం చేయాలి. వర్షాకాలం ముగిసేసరికి ఈ చట్రం మనకు కుదరదని తేలిపోయింది. ‘ఏమనిపించింది’ అన్న గడి దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఖాళీగా ఉంది, విశ్లేషణకూ నిర్ధారణకూ ఒకే వాక్యం రెండుసార్లు రాసి ఉంది. పన్నెండు గంటల డ్యూటీ దిగి ఇంటికి వచ్చి వంట చేసుకోవలసిన మనిషి ముందు ఆరు గడులు పెట్టడం న్యాయం కాదు కూడా. దసరా తర్వాత ఆ పేజీలను మార్చి మూడు ప్రశ్నలే ఉంచాం: ఏం జరిగింది, దానివల్ల నాకు తెలిసిందేమిటి, రేపటి నుంచి నేను ఏం మారుస్తాను. కింద తేదీ, నేర్చుకోవడానికి పట్టిన సమయం. ఎన్ని గంటలు నేర్చుకున్నారో తమకు తాము లెక్క చూసుకోవడానికి ఆ చివరి వరుస చాలు.

మార్పు తర్వాత వచ్చిన రాతలు వేరుగా ఉన్నాయి. అనుమతి ఇచ్చినవారి పుస్తకాల నుంచి, గుర్తుపట్టడానికి వీలులేకుండా మార్చి, మూడింటిని ఇక్కడ వివరిస్తున్నాం.

ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఒక ల్యాబ్ టెక్నీషియన్ పాముకాటు మీద జరిగిన ఒకరోజు శిక్షణకు వెళ్లివచ్చి, మొదట ‘చాలా ఉపయోగకరంగా ఉంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. రెండు వారాల తర్వాత అదే పేజీ కింద మళ్లీ రాశారు. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టే గుణం పోయిందో లేదో తెలుసుకోవడానికి చేసే 20 నిమిషాల పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు గొట్టమే వాడాలి. ప్లాస్టిక్ గొట్టంలోనూ, సబ్బుపొడితో కడిగిన గాజు గొట్టంలోనూ మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు విషం ఎక్కినట్టు పొరబడే ప్రమాదం ఉంది. శిక్షణలో ఈ మాట విన్న ఆయన తిరిగి వెళ్లి తమ ల్యాబ్‌లో చూస్తే, గాజు గొట్టాలన్నీ మిగతా సామానుతో పాటు సబ్బునీళ్ల తొట్టిలోనే ఉన్నాయట. పాముకాటు పరీక్షకని కొన్ని గొట్టాలను వేరే డబ్బాలో పెట్టి, మూత మీద తెలుగులో రాసి అంటించారు. కట్లపాము కాటులో ఈ పరీక్ష మామూలుగానే వస్తుంది కనుక, ఫలితం బాగుందని రోగిని ఇంటికి పంపకుండా కనురెప్పలు వాలుతున్నాయేమో గమనిస్తూ ఉండమని డ్యూటీ నర్సుకు చెప్పాలన్నది ఆయన రాసుకున్న రెండో మార్పు. శిక్షణ సర్టిఫికెట్‌లో ఇవేవీ కనిపించవు.

రెండోది ఒక ఫార్మసిస్టుది. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్‌లో (చిన్న సీసాల్లో) ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఇన్సులిన్ పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా ఎర్ర మూతవి 40కి, నారింజ మూతవి 100కి వేర్వేరుగా ఉంటాయి. ఒక పెద్దావిడ ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగరు దిగడం లేదని చెబితే ఆమె సంచిలో చూసి, 40 యూనిట్ల వయల్‌కు నారింజ మూత సిరంజీ వాడుతున్నట్టు ఈ సభ్యురాలు గమనించారు. 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్తున్నది 8 యూనిట్లే. ఇదే తారుమారై, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీతో అదే గీత దాకా తీసుకుంటే 50 యూనిట్లు వెళ్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. చదువుకునే రోజుల్లో నేర్చుకున్నదే అయినా, కౌంటర్ దగ్గర సిరంజీ విడిగా అడిగినవారిని ‘ఏ ఇన్సులిన్‌కు?’ అని తాను తిరిగి అడగడం లేదని ఆమె రాశారు. ఇప్పుడు అడుగుతున్నారు. దీన్ని చదివిన మరో ఇద్దరు ఫార్మసిస్టులు తమ షాపుల్లోనూ అదే మొదలుపెట్టారు. కార్యవర్గం దృష్టిలో ఈ ఏడాది జరిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మూడోది చిన్నది. కుక్కకాటు టీకా వేసే గదిలో పనిచేసే స్టాఫ్ నర్సు ఒకరు, 0, 3, 7, 28 రోజుల లెక్క రోగులకు గుర్తుండడం లేదని, మొదటి రోజే నాలుగు తేదీలూ చీటీ మీద రాసివ్వడం మొదలుపెట్టారు. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడగమని నోటితో చెబితే సరిపోదని, పంపు దగ్గరికి తీసుకెళ్లి తానే దగ్గరుండి కడిగిస్తున్నానని రాశారు. అంతే, నాలుగు వాక్యాలు.

ఇలాంటి రాతలన్నిటిలో ఒక లోపాన్ని కూడా గమనించాం. మారుస్తానని రాసినది నిజంగా మార్చారా లేదా తెలిసే దారి పుస్తకంలో లేదు. జనవరి నుంచి ప్రతి పేజీ అడుగున మూడు నెలల తర్వాతి తేదీ వేసి, ఆ రోజు ఆ పేజీని తిరిగి చదివి ఒక్క మాట రాయమని కోరాం. ‘నిలబడలేదు’ అని రాసినవారు గణనీయంగానే ఉన్నారు. కారణాలు తరచి చూస్తే వారి శ్రద్ధ తక్కువై కాదు, సామాను లేకనో, పైవారి అనుమతి రాకనో, డ్యూటీ మారిపోయో. డ్యూటీ అప్పగించే (హ్యాండోవర్) సమయంలో రోగి మంచం దగ్గరే నిలబడి వివరాలు అప్పగించాలని మొదలుపెట్టిన ఇద్దరు నర్సులు, రాత్రి డ్యూటీకి మనుషులు చాలక ఆపేశారు. ఆ సంగతి తెలియడం కూడా పుస్తకం వల్లనే.

రోగి వివరాల విషయంలో కార్యవర్గం గట్టిగా ఉండవలసి వచ్చింది. మొదటి నెలల్లో కొన్ని పుస్తకాల్లో రోగి పేరు, ఊరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు కూడా కనిపించాయి, ఒకచోట కేస్ షీట్ ఫోటో అంటించి ఉంది. వాటిని సభ్యుల చేతనే చెరిపించాం. పేరు తీసేస్తే చాలదు. చిన్న ఊరు, అరుదైన జబ్బు, తేదీ కలిస్తే ఎవరో పోల్చుకోవచ్చు. అందుకే వయసును సుమారుగా, ఊరిని కేవలం ‘ఏజెన్సీ గ్రామం’ అని రాయాలని నిర్ణయించాం. వాట్సాప్ గ్రూపులో ఏ రాతనూ పెట్టకూడదు. మనం రాసుకున్నది రేపు మనకే వ్యతిరేకంగా వాడతారేమోనన్న భయాన్ని ముఖ్యంగా యువ వైద్యులు వ్యక్తం చేశారు. ఇదే భయం 2018లో బ్రిటన్ వైద్యుల్లోనూ పెద్ద చర్చకు దారితీసింది. జరిగిన ఘటన వివరాల మీద కాకుండా దానినుంచి నేర్చుకున్నదాని మీద దృష్టి పెట్టి, గుర్తింపు వివరాలు లేకుండా రాయమని అక్కడి వైద్య మండలి ఆ ఏడాది మార్గదర్శకాలు ఇచ్చింది. మనమూ అదే పాటిస్తున్నాం. ఆసుపత్రిలో పొరపాటు జరిగితే దాన్ని నివేదించవలసిన పద్ధతి వేరే ఉంది, ఈ పుస్తకం దానికి బదులు కాదు.

ఏ భాషలో రాయాలన్నది చర్చకు రాకుండానే తేలిపోయింది. ఇంగ్లీషులో రాసినవారి పేజీలు సదస్సు బ్రోషర్ల వాక్యాలతో నిండితే, తెలుగులో రాసినవారి పేజీల్లో వార్డు కనిపించింది. బ్రిటన్, ఐర్లాండ్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న యువ నర్సులు మాత్రం ఇంగ్లీషు సాధన కోసం అందులోనే రాస్తామన్నారు. వారి అవసరం వారిది, కార్యవర్గానికి అభ్యంతరం లేదు.

ఈ కార్యక్రమం అందరినీ చేరలేదు. నర్సులు, ఫార్మసిస్టులు, టెక్నీషియన్లు ఆసక్తి చూపినంతగా వైద్యులు చూపలేదు. నెల చివరి ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో జరిపిన చర్చలకు క్లినిక్‌ల వల్ల రాలేకపోతున్నామన్నారు. ఆదివారం కాకపోతే ఏ రోజు వీలవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. గాజువాక, పెందుర్తి వైపు సభ్యులకు దూరం నిజంగానే సమస్య, రాత్రి డ్యూటీ వారికి మరీ కష్టం. ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఈ పుస్తకాలు ఇవ్వాలన్న నిరుటి తీర్మానం అమలు కాలేదు. వారు ఇప్పటికే నింపుతున్న రిజిస్టర్లు, యాప్‌లు చూశాక మరొకటి చేతికివ్వడానికి మాకు మనసొప్పలేదు.

పుస్తకాల అచ్చు ఖర్చు, హాలు అద్దె, టీ ఖర్చు సభ్యుల చందాల నుంచే భరించాం. మందుల కంపెనీల నుంచి వచ్చిన స్పాన్సర్‌షిప్ ప్రతిపాదనలను తీసుకోలేదు. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు.

రాబోయే ఏడాదికి మూడు ప్రతిపాదనలను సభ్యుల ఓటుకు ఉంచుతున్నాం. నెలవారీ చర్చను ఎంవీపీ కాలనీలో ఒక నెల, గాజువాకలో ఒక నెల జరపడం మొదటిది. హుద్‌హుద్ నాడు, 2020 మే నాడు డ్యూటీలో ఉండి ఇప్పుడు రిటైరైన, రిటైరవుతున్న సభ్యుల అనుభవాలను వారి ఇళ్లకే వెళ్లి విని రాసి, రోగుల వివరాలు లేకుండా సంఘం గ్రంథాలయంలో భద్రపరచడం రెండోది. అందుకు కావలసిన ఇద్దరు స్వచ్ఛంద లేఖకులు ఇప్పటికే ముందుకు వచ్చారు. మూడోది, పుస్తకంలో రాసిన గంటలను ఆయా మండళ్లు గుర్తించవని, రెన్యూవల్‌కు మండలి ఆమోదించిన కార్యక్రమాల సర్టిఫికెట్లు విడిగా ఉండాలని మొదటి పేజీలోనే అచ్చు వేయడం. ఈ విషయంలో కొందరు సభ్యులు పొరబడినట్టు ఫోన్లు వచ్చాయి. సవరణలు ఉన్నవారు సమావేశానికి వారం ముందు కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేయవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి, విశాఖపట్నం