అమెరికా కోర్టు వార్తల్లో ఏ కోర్టో, ఏ దశో చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా కోర్టుల ఉత్తర్వులపై మీ పత్రికతో సహా తెలుగు దినపత్రికల్లో, ఛానళ్లలో వస్తున్న వార్తల తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఒకరోజు ‘ట్రంప్‌కు కోర్టు షాక్’ అనీ, కొద్దిరోజులకే ‘ట్రంప్‌కు భారీ ఊరట’ అనీ పతాక శీర్షికలు పెడుతున్నారే గాని, ఆ ఉత్తర్వు ఏ కోర్టు ఇచ్చింది, అది మధ్యంతర ఉత్తర్వా తుది తీర్పా, ఎవరెవరికి వర్తిస్తుంది అన్న మూడు సంగతులూ వార్తలో చాలాసార్లు కనబడవు. చదువు కోసమో, హెచ్‌1బీ వీసా మీదనో పిల్లలను అక్కడికి పంపిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నాయి కనుక, ఇక్కడ కొరవడిన ఒక్క వాక్యం కూడా వాళ్ల నిర్ణయాలను తారుమారు చేయగలదు.

జన్మతః పౌరసత్వం విషయమే తీసుకోండి. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు అక్రమంగా ఉంటున్నవారి పిల్లలకే పరిమితం కాలేదు. తల్లి సక్రమమైన తాత్కాలిక వీసాతోనే ఉన్నా, తండ్రి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే, 30 రోజుల గడువు తర్వాత పుట్టే బిడ్డను పౌరుడిగా గుర్తించరాదని అది చెప్పింది. మూడు రోజులు తిరక్కుండానే సియాటిల్‌లోని ఫెడరల్ (అంటే కేంద్ర) జిల్లా జడ్జి, అదీ ట్రంప్ పార్టీకే చెందిన మాజీ అధ్యక్షుడు రీగన్ హయాంలో నియమితులైన జడ్జి, అది రాజ్యాంగానికి పూర్తిగా విరుద్ధమంటూ 14 రోజులు అమలును ఆపారు. అమెరికా గడ్డపై పుట్టి దాని చట్టపరిధిలో ఉన్నవారంతా పౌరులేనన్న 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణను, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనన్న 1898 నాటి సుప్రీంకోర్టు తీర్పును చూసినవారికి అందులో ఆశ్చర్యమేమీ లేదు. అయితే అది 14 రోజుల ఉత్తర్వన్న సంగతి వార్తలో లేకపోతే, పౌరసత్వం గొడవ అంతటితో తీరిపోయిందని పాఠకుడు అనుకోవడంలో తప్పేముంది?

ఆ ఏడాది జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఇచ్చిన తీర్పు దగ్గర ఈ గందరగోళం పరాకాష్ఠకు చేరింది. ఒక జిల్లా జడ్జి తన ముందున్న కక్షిదారులకు అవసరమైన మేరకే ఉపశమనం ఇవ్వాలి తప్ప, కేసుతో సంబంధం లేనివారిని కూడా కలుపుకొని దేశమంతటికీ ఒకే ఉత్తర్వు ఇచ్చే అధికారం 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టం ప్రకారం ఆయనకు ఉండే అవకాశం లేదని జస్టిస్ ఏమీ కోనీ బారెట్ రాశారు. పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉంటుందా లేదా అన్న అసలు ప్రశ్నను ఆ తీర్పు ముట్టుకోనే లేదు. పక్షం తిరక్కుండా, జూలై 10న, న్యూహాంప్‌షైర్‌లోని జిల్లా జడ్జి ఆ పిల్లలందరినీ ఒక వర్గంగా గుర్తించి, సామూహిక వ్యాజ్యం దారిలో మళ్లీ అమలును ఆపారు. ‘పౌరసత్వంపై ట్రంప్‌దే గెలుపు’ అన్న వార్త చూసి గుండెలో రాయిపడిన గర్భిణికీ, ఇక్కడి ఆమె తల్లిదండ్రులకూ ఈ రెండో వార్త లోపలి పేజీలోనైనా కనబడిందో లేదో తెలియదు.

జిల్లా కోర్టు అనగానే మనకు మన జిల్లా కేంద్రంలోని కోర్టే మనసులో మెదులుతుంది. అక్కడి ఫెడరల్ జిల్లా జడ్జిని అధ్యక్షుడు నియమించాలి, సెనేట్ ఆమోదించాలి, ఆపైన అభిశంసన తప్ప జీవితకాలం ఎవరూ కదపలేరు. దేశం మొత్తం మీద అలాంటి జిల్లా కోర్టులు 94, వాటిపైన అప్పీళ్ల కోర్టులు 13, అన్నిటిపైన తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు. చట్టాన్ని కొట్టివేసే అధికారం మన రాజ్యాంగంలో 13, 32, 226 అధికరణల ద్వారా తేటతెల్లంగా ఉంది. అక్కడి రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. 1803లో మార్బరీ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ అధికారాన్ని స్థిరపరిచారు. దానికి తగ్గ కట్టుబాటూ ఉంది: తనకు నష్టం జరిగిందని చూపగలిగినవారి వివాదాన్నే ఆ కోర్టులు వింటాయి. మన పిల్ లాంటిది అక్కడ చెల్లదు. మన రాష్ట్రపతి 143వ అధికరణ కింద సుప్రీంకోర్టు సలహా కోరవచ్చు గాని, 1793లో సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్ ప్రభుత్వం సలహా అడిగితే అక్కడి న్యాయమూర్తులు ఇవ్వలేమన్నారు.

ఈ కట్టుబాటు మనవాళ్ల ఇళ్లలోకి ఎలా వస్తుందో హెచ్4 వీసాపై (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చేది) ఉన్న భార్యల ఉద్యోగ అనుమతి కేసు చెబుతుంది. హెచ్‌1బీపై ఉండి గ్రీన్‌కార్డు కోసం వేచి ఉన్నవారిలో కొందరి జీవిత భాగస్వాములకు పనిచేసే వీలిచ్చిన నిబంధన 2015 మేలో అమల్లోకి వచ్చింది. ఉద్యోగాలు పోగొట్టుకున్నామనే అమెరికన్ ఐటీ ఉద్యోగుల సంఘం ఒకటి దానిపై కోర్టుకెక్కింది. 2016లో జిల్లా కోర్టు, మీకు కలిగిన నష్టమే చూపలేదంటూ కేసు కొట్టేసింది. 2019లో అప్పీళ్ల కోర్టు, పోటీ పెరగడం కూడా నష్టమేనంటూ దాన్ని తిరగదోడింది. 2023లో జిల్లా కోర్టు, 2024లో అప్పీళ్ల కోర్టు నిబంధన సక్రమమేనన్నాయి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. పదేళ్లపాటు ఏ మలుపులో ఏం జరిగినా ‘హెచ్4కు ముప్పు’, ‘హెచ్4కు ఊరట’ అన్న రెండు ముక్కలే మనకు అందాయి. చివరి ఘట్టాన్ని ‘సుప్రీం సమర్థించింది’ అని రాస్తే అది తప్పే అవుతుంది. విచారణకు స్వీకరించడానికి నలుగురు న్యాయమూర్తులు ముందుకు రాలేదన్నదే దాని అర్థం, నిబంధన మంచిచెడ్డలపై వాళ్లు ఒక్క మాటా చెప్పినట్టు కాదు. పైగా ప్రభుత్వం తలచుకుంటే నిర్ణీత పద్ధతిలో నోటీసు ఇచ్చి, అభిప్రాయాలు తీసుకుని, ఆ నిబంధనను తానే ఉపసంహరించుకోవచ్చు. భార్య జీతాన్ని లెక్కలోకి తీసుకుని ఇంటిరుణం తీసుకునే దంపతులకు తెలియవలసిన సంగతి ఇదే.

2025 ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల వీసా హోదాను నమోదుచేసే అమెరికా ప్రభుత్వ డేటాబేస్ లోని వివరాలు) ఉన్నట్టుండి రద్దయినప్పుడూ ఇదే తంతు. అనేక రాష్ట్రాల్లో జిల్లా జడ్జీలు ఉపశమనం ఇచ్చిన మాట నిజమే, కానీ ప్రధానంగా తమ ముందుకొచ్చిన పిటిషనర్లకే. పక్క ఊళ్లో స్నేహితుడికి ఉత్తర్వు వచ్చింది కదా అని లాయరు దగ్గరికి పోకుండా కూర్చున్న కుర్రాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక నేరాల కేసుల సంగతి. మన విద్యార్థిపై దోపిడీ, హత్య లాంటివి జరిగితే సాధారణంగా విచారించేది రాష్ట్ర కోర్టే, అదీ ఆ రాష్ట్ర చట్టం కిందనే. న్యూయార్క్ రాష్ట్రంలో సుప్రీంకోర్టు పేరుతో ఉన్నది ప్రధానంగా విచారణ కోర్టే; దాని తీర్పును దేశ రాజధాని వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టు తీర్పుగా అచ్చువేసే ప్రమాదం ఉంది కనుక ఈ మాట ప్రస్తావిస్తున్నాను.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఇలాంటి ప్రతి వార్త చివర కేసు పేరు, కోర్టు పేరు, ఉత్తర్వు తేదీ, అది తాత్కాలికమో కాదో, ఎవరికి వర్తిస్తుందో రెండు పంక్తుల్లో ఇవ్వండి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కేసు పేరు చేతికందితే అక్కడున్న మా పిల్లలే మిగతాది వెతుక్కుంటారు.

ఇట్లు,
విశ్రాంత న్యాయవాది ఒకరు,
ఒంగోలు