ఆ ట్రాన్స్‌ఫార్మర్ పీకేసే ముందు

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి షుగర్ అదుపులోనే ఉంది. ఆవకాయ పెట్టాను, శేషు వస్తే పంపిస్తా. ఫోన్ చేస్తే "తర్వాత చేస్తా" అని మెసేజ్ పెడతావు, ఆ తర్వాత అనేది రావడం లేదు. స్టూడియో ప్రీయాంప్, అదే సిగ్నల్ పెంచే పెట్టె, బేస్ (లోతు స్వరాల) దగ్గర బొంగురు పోతోందని తెల్లవారుజాము దాకా కూచుంటున్నావట, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పీకి పారేస్తానంటున్నావట. పిన్ని చెప్పింది. నేనేమీ అడగను.

ఒక్కటి మాత్రం చెప్తా. వంకర (డిస్టార్షన్) ఎంతుందో 1000 హెర్ట్జ్ దగ్గర కొలిచి బాగుందనుకోకు. అదే వోల్టేజితో 20కి దిగితే కోర్‌లో, అంటే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోహంలో, అయస్కాంత ఫ్లక్స్ 50 రెట్లవుతుంది. 20, 30, 50 దగ్గర చూడు. మూడో హార్మోనిక్ (ఇచ్చిన స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) ఒక్కటే లేస్తే కోర్ అయస్కాంతంతో నిండుతోంది, లేదా డ్రైవ్ చేసే వైపు నిరోధం ఎక్కువగా ఉంది. రెండోది కూడా లేచిందా, డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు) పారుతోందేమో చూడు.

బాబాయి గుడి సౌండ్ మిక్సర్ గుర్తుందిగా. డోలు మోగితే చాలు బొంగురు. ఐసీలు మార్చాడు, కెపాసిటర్లు మార్చాడు, స్పీకర్‌ని అనుమానించాడు. తీరా చూస్తే 5532 ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే ఐసీ) స్టేజికి డీసీలో కూడా 20 రెట్ల గెయిన్. సిగ్నల్ లేకపోయినా ఉండే 4 మిల్లీవోల్ట్‌ల ఆఫ్‌సెట్ కాస్తా 80 అయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కి సిగ్నల్ వెళ్ళే వైండింగ్ (తీగచుట్ట), అంటే ప్రైమరీ, 40 ఓమ్స్, అంటే 2 మిల్లీఆంప్స్ ఆగకుండా పారుతున్నాయి. నికెల్, ఇనుము కలిసిన మ్యూమెటల్ కోర్ అంత డీసీని ఓర్చుకోదు. ఫీడ్‌బ్యాక్‌లో గ్రౌండ్‌కి వెళ్ళే రెసిస్టర్‌కి సిరీస్‌లో కెపాసిటర్ వేస్తే డీసీ గెయిన్ ఒకటికి దిగింది. అయినా కొంచెం మిగిలింది. ఎందుకంటే వైండింగ్ తెగిందేమోనని మధ్యలో మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూశాడు, ఆ డీసీకి కోర్ అయస్కాంతమైంది. 30 హెర్ట్జ్ సైన్ ఇచ్చి, ఆసిలోస్కోప్‌లో అల నలిగేదాకా పెంచి, అర నిమిషం పాటు మెల్లగా సున్నాకి దించాడు. ఠక్కున ఆపేస్తే మళ్ళీ మొదటికే. నువ్వు మీటర్ పెట్టలేదు కదా?

నీ సర్క్యూట్ ఫోటో పిన్ని పంపింది. ఆప్‌యాంప్‌కీ ప్రైమరీకీ మధ్య 100 ఓమ్స్ ఎందుకు పెట్టావు? తీసెయ్. కోర్ లాగే మాగ్నెటైజింగ్ కరెంటు వంకరగా ఉంటుంది. అది రెసిస్టర్‌లోంచి పారితే ఆ వంకర వోల్టేజికి అంటుకుంటుంది. కేబుల్ కోసమైతే దాన్ని సెకండరీ, అంటే సిగ్నల్ బయటికొచ్చే వైండింగ్ వైపు పెట్టు. ఆప్‌యాంప్ ఆసిలేట్ అయితే 39 ఓమ్స్, దానికి ప్యారలల్‌గా నాలుగు మైక్రోహెన్రీల చోక్ (కాయిల్) వెయ్. బేస్‌కి ఆ చోక్ ఉత్త తీగముక్కే. నెగటివ్ ఇంపీడెన్స్‌తో, అంటే నిరోధానికి వ్యతిరేకంగా పనిచేసే సర్క్యూట్‌తో, వైండింగ్ నిరోధాన్ని కూడా కొట్టేయొచ్చు గానీ, అది వైండింగ్ నిరోధాన్ని దాటితే సర్క్యూట్ నిలవదు. నిద్ర చాలని బుర్రతో దాని జోలికి పోకు.

బిగించేటప్పుడు కింద పడెయ్యకు, స్క్రూలు మరీ బిగబట్టకు. దెబ్బ తగిలితే మ్యూమెటల్ గుణం పోతుంది.

20 హెర్ట్జ్ దగ్గర ఎంత వంకర వచ్చిందో చెప్పు. మెసేజ్ కాదు, ఫోన్. అన్నం తిన్నాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకో, ఆ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. డబ్బులు నాన్న వేస్తారు.

అమ్మ