గుండాకి సున్నానా?

ఒరేయ్ మావా,

నువ్వు పంపిన రివ్యూలు చదివా. హిందీ సినిమా గుండాకి సున్నా, ఇంకో హిందీ సినిమా ఓం దర్ బ దర్‌కి ఐదుకి ఐదు! రెండోదాన్లో సగం నిద్రపోయావు కదరా, పక్కనే ఉన్నా నేను. 1988లో తీస్తే 2014 దాకా థియేటర్ మొహం చూడలేదు అన్న జాలితో వేశావేమో ఆ మార్కులు. నాకూ ఆ కప్పల గొడవ సగం అర్థం కాలేదు, అయినా మర్చిపోలేకపోతున్నా, అదే రాయొచ్చుగా నువ్వు కూడా, "మహాద్భుతం" అనేబదులు.

ఇంకోటి, నీ రివ్యూల్లో "పాపం చిన్న సినిమా" అనే మాట తీసెయ్ ముందు. మంథన్ సినిమా తీయడానికి గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకున్నారు, దాన్ని చూసి పాపం అంటామా? డబ్బు లేనిచోట డైరెక్టర్ ఏం పెట్టాడు, నేను చూసేది అదొక్కటే.

జానే భీ దో యారో చూడు. 1983, సినిమాలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ పెట్టుబడి, నసీరుద్దీన్ షా మెళ్ళో కెమెరా కూడా ఆయన సొంతదేనట. పెద్ద సెట్లు, ఛేజింగులు ఎక్కడ తీస్తాడు డైరెక్టర్ కుందన్ షా, ఒక శవాన్ని పట్టుకుని సినిమా అంతా తిప్పాడు. ఆ శవం వేషం సతీష్ షాది, పాత్ర చచ్చాకే కదా ఆయన అసలు యాక్టింగ్ మొదలెట్టింది! తాగేసిన ఓంపురి శవపేటికని చూసి ఎవరిదో కారు ఆగిపోయిందనుకుని సాయం చేస్తానంటాడు, ఆఖరికి ఆ శవానికే చీర చుట్టి ద్రౌపదిని చేసి స్టేజీ ఎక్కించేస్తారు, నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ పడీపడీ నవ్వుతా. అంత నవ్వించినోడు చివర్లో హీరోలిద్దర్నీ ఖైదీ బట్టల్లో నడిపించుకొస్తాడు, నవ్వినందుకు మనకే సిగ్గేస్తుంది.

ఇక గుండా. 1998, డైరెక్టర్ కాంతి షా, షాట్‌కీ షాట్‌కీ పొంతన ఉండదు, ఒప్పుకుంటా. కానీ విలన్లు ఒక్కొక్కడే వచ్చి ప్రాసలో తన పేరు తనే చెప్పుకుంటుంటే నీకు వీధిభాగవతంలో పాత్రప్రవేశం గుర్తు రాలేదా? అది చేతకాక వచ్చిందో తెలిసే పెట్టారో గానీ డబ్బుతో కొనేది మాత్రం కాదు. ఆ రేప్ సీన్లకి మాత్రం క్షమాపణ లేదు, అందుకే నా లెక్కలో ఒకటిన్నర దాటదు, సున్నా అయితే కాదు.

ఆదివారం రా, రామ్సే వాళ్ళ దయ్యాల సినిమా వీరానా పెట్టుకుందాం. లైట్లు ఆపావంటే మాత్రం నేను లేచి వెళ్ళిపోతా, ముందే చెప్తున్నా.

నీ
మావ