పౌండ్లను 115తో గుణిస్తే సరిపోదు

సంపాదకులు గారికి,

బ్రిటన్‌లో సంక్షేమానికి కోత అని తెలుగు పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా దాని పక్కనే ఓ చిన్న లెక్క కూడా అచ్చవుతుంది. పని లేనివాడికి అక్కడ నెలకు 400 పౌండ్లు, అంటే మన డబ్బుల్లో సుమారు 46 వేలు అని. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ ఆ వార్త చదివినవాళ్ల నోట రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఇంట్లో కూర్చోబెట్టి 46 వేలా!’ అన్నది మొదటిది. ‘దొరలే ఆపేస్తుంటే మనకెందుకీ పింఛన్లు?’ అన్నది రెండోది. రెండు మాటలకూ మూలం ఆ ఒక్క గుణకారమే. అందుకే ఈ ఉత్తరం.

400.14 పౌండ్లు అన్నది 2025–26లో యూనివర్సల్ క్రెడిట్ (పని లేనివారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి నెలనెలా ఇచ్చే ప్రభుత్వ సాయం) కింద 25 ఏళ్లు నిండిన ఒంటరి మనిషికి ఇచ్చే మూల భత్యం. పాతికలోపు వాళ్లకైతే 316.98. ఆ ఏడాది అక్కడ 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఆ 400ను దీంతో భాగించి చూడండి, 33 గంటలు కూడా రావు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు రోజుల కూలి. అదే ఏడాది మన ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307, నాలుగు రోజులకు రూ.1,228. లండన్‌లో నెలంతా గడపడానికి చేతికిచ్చేది ఆ పాటి. అద్దెకు వేరే సాయం ఉంది, దాని సంగతి కింద చెబుతాం.

ఇదే కొలతతో మన వృద్ధాప్య పింఛను రూ.4,000 పదమూడు రోజుల కూలి. వృద్ధులను వృద్ధులతోనే పోల్చాలి అంటారా, పోల్చుదాం. అక్కడ 35 ఏళ్లు నేషనల్ ఇన్సూరెన్స్ (సంపాదనలోంచి కట్టే సామాజిక బీమా చందా) కట్టినవారికి 2025–26లో వారానికి 230.25 పౌండ్లు. నెలకు లెక్కేస్తే పది రోజుల కనీస కూలి. కాకపోతే అది ఏటా దానంతటదే పెరుగుతుంది. ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత. ‘ట్రిపుల్ లాక్’ అని పేరుపెట్టి ఏళ్ల తరబడి దాని మీద కొట్టుకుంటున్నారు. మన నాలుగు వేలకు అలాంటి సూత్రం లేదు. ఎన్నికల మ్యానిఫెస్టోయే సూత్రం.

యూనివర్సల్ క్రెడిట్ 2012 చట్టంతో వచ్చింది. నిరుద్యోగ భృతి, అనారోగ్య భృతి, ఆదాయ సాయం, అద్దె సాయం, పిల్లల పన్ను రాయితీ, శ్రామికుల పన్ను రాయితీ అని అప్పటిదాకా వేర్వేరుగా ఉన్న ఆరింటిని ఒకే చెల్లింపుగా కలిపారు. ఆలోచన మంచిదే. చిక్కంతా క్యాలెండర్‌లో వచ్చింది. జూన్ 10న దరఖాస్తు పెడితే జులై 9 దాకా మదింపు నెల, అంటే ఆదాయం లెక్క చూసే నెల. ఆ తర్వాత వారం. మొదటి డబ్బు పడేది జులై 16న. ఈ ఐదు వారాలు ఏం తినాలి? అడ్వాన్స్ ఇస్తారు, కానీ అది అప్పు. రెండేళ్ల లోపు నెలనెలా కోసుకుంటారు. ఇలాంటి కోతలు మూల భత్యంలో 25 శాతం దాకా ఉండేవి, 2025 ఏప్రిల్ ఆఖరులో 15 శాతానికి దించారు. 400లో 60 అన్నమాట. అక్కడ పేదలకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుల వాళ్లు పదేపదే వేలెత్తి చూపేది భత్యం మొత్తాన్ని ఎంతో, ఈ ఐదు వారాలనూ అంతే.

మన దగ్గర దీని జోడీ ఉపాధి కూలి ఆలస్యం. మస్టర్ (హాజరు పట్టీ) ముగిసిన పదిహేను రోజుల్లో కూలి పడాలని, ఆ గడువు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం కింద నిబంధన పెట్టారు. ఆరు రోజుల కూలి రూ.1,842. ఆ మీదట నెల ఆలస్యమైతే పరిహారం రూ.27.63. వడ్డీ వ్యాపారి దగ్గర అదే 1,842 నెలకు ఐదు రూపాయల వడ్డీకి తెస్తే కట్టాల్సింది 92 రూపాయలు. పరిహారం అనే మాట చట్టంలో ఉంది కాబట్టి ఉందనుకోవాలి.

ఇక కోత రేటు. పనికి వెళ్తే భత్యం ఒక్కసారిగా ఆగదు, చేతికొచ్చిన ప్రతి పౌండుకు 55 పెన్నీలు తగ్గుతుంది. 2021 ఆఖరు దాకా అది 63. నెలకు 600 పౌండ్లు సంపాదిస్తే భత్యంలోంచి 330 పోతాయి. పిల్లలున్నవారికి, అనారోగ్యంతో పని చేసే శక్తి తగ్గినవారికి మాత్రం మొదటి కొంత సంపాదనను లెక్కలోకి తీసుకోరు. అద్దె సాయం పొందేవారికి అది 2025–26లో నెలకు 411 పౌండ్లు. జీతం ఏడాదికి 12,570 దాటిందా, ఆ పైన ప్రతి నూరు పౌండ్లకు 20 ఆదాయ పన్ను, 8 నేషనల్ ఇన్సూరెన్స్ పోయి మిగిలిన 72లోంచి మళ్లీ 55 శాతం, అంటే 39.60 పోతుంది. చేతిలో 32.40. అందులోంచి బస్సు టికెట్టు, పిల్లను చూసుకునే ఆయాకు జీతం. ‘వాళ్లకు పని చేయాలని లేదు’ అనే వాదనకు అక్కడి ఆర్థికవేత్తలు ముందు చూపించేది ఈ 32.40నే.

అలాగని మన పద్ధతి మెరుగనుకోవద్దు. అక్కడ ఏటవాలుగా దిగేది ఇక్కడ నిటారు గోడ. గ్రామంలో నెల ఆదాయం పది వేలు, పట్నంలో పన్నెండు వేలు, నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు. గీత దాటితే పింఛనులో కొంత కాదు, మొత్తానికే ఎసరు. ఒకే మీటరు మీద ఇద్దరు అన్నదమ్ముల కాపురాలు, ఎండాకాలం ఒక కూలరు. ముసలమ్మ పింఛను ఆ కూలరు మీద ఆధారపడి ఉంటుంది.

నెలవారీ లెక్కలోనే ఇంకో లొసుగుంది. నాలుగు వారాలకోసారి జీతం తీసుకునేవాళ్లకు ఏడాదికి పదమూడు జీతాలు పడతాయి. ఏదో ఒక మదింపు నెలలో రెండు జీతాలు కనిపిస్తాయి, కంప్యూటరేమో ఈవిడకు ఆదాయం రెట్టింపైందని భత్యం కోసేస్తుంది. నెలాఖరు ఆదివారమై జీతం రెండు రోజులు ముందు పడినా అదే తంతు. ఈ రెండో రకం మీద నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెక్కారు. అది హేతుబద్ధం కాదని 2020లో అప్పీలు కోర్టు చెప్పాక, నెల జీతగాళ్ల వరకు నిబంధన సవరించారు. పలాస జీడి కార్ఖానాల్లో కిలో లెక్కన పప్పు ఒలిచి వారం వారం కూలి తీసుకునే ఆడవాళ్లను ఈ చట్రంలో ఊహించుకోండి. ఐదు శనివారాలు వచ్చిన నెలలో వాళ్లు ‘ధనికులు’.

సాయం పొందాలంటే వారానికి 35 గంటల దాకా పని వెతికినట్టు చూపించాలి. జాబ్ సెంటర్‌లో ఇచ్చిన వేళకు హాజరుకాకపోతే భత్యానికి కోత. సరైన కారణం లేకుండా ఉద్యోగం కాదంటే మొదటిసారికి 91 రోజులు. దీని వేరు 1834 నాటి పేదల చట్టంలో ఉంది. సాయం తీసుకునేవాడి స్థితి అతి తక్కువ కూలివాడి కన్నా ఒక మెట్టు కిందే ఉండాలన్నది అప్పటి సూత్రం. ఆ సూత్రం ఓడెక్కి మన దాకా వచ్చింది. 1876–78 కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలో వైస్రాయి ప్రభుత్వం పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలీకి రోజుకు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. అది తిని మట్టి పని చేయలేరని శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. ఈ వాదన లండన్‌లో ఇంకా నడుస్తోంది, పౌను ధాన్యం బదులు పౌండ్లు, అంతే తేడా.

2025లో అక్కడ అసలు మంట రేగింది వైకల్య భత్యం దగ్గర. దాన్ని పిప్ అంటారు. ఉద్యోగం చేస్తున్నా ఇస్తారు. వంట, తిండి, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మందులు, మాట్లాడటం, చదవడం, మనుషులతో కలవడం, డబ్బు లెక్క చూసుకోవడం, ఈ పది పనులకు పాయింట్లు వేస్తారు. మొత్తం 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు. నడక, ప్రయాణాలకు వేరే పట్టిక. ఏదో ఒక్క పనిలోనైనా 4 వచ్చి తీరాలని 2025 మార్చిలో ప్రభుత్వం ప్రతిపాదించింది. వినడానికి చిన్న సవరణే. నడుము కింద ఒళ్లు కడుక్కోవడానికి మనిషి సాయం కావాలంటే 2 పాయింట్లు. నడుము పైన, భుజాల దాకా కావాలంటే 4. ప్యాంటు వేసుకోవడానికి సాయం 2, చొక్కాకు 4. కాబట్టి కింద ఒళ్లు కడుక్కోలేక, ప్యాంటు తొడుక్కోలేక, వంటకూ మరుగుదొడ్డికీ పరికరం సాయం కావాల్సిన మనిషికి రెండేసి చొప్పున 8 వచ్చి ఇప్పుడు భత్యం అందుతోంది. సవరణ వస్తే సున్నా. అధికార పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. 2025 జులై 1న సభలో చర్చ నడుస్తుండగానే ప్రభుత్వం ఆ నిబంధనను వెనక్కి తీసుకుని, విషయాన్ని మంత్రి స్టీఫెన్ టిమ్స్ సమీక్షకు వదిలింది. యూనివర్సల్ క్రెడిట్‌లోని అనారోగ్య భాగాన్ని మాత్రం 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చేవారిలో ఎక్కువమందికి వారానికి 97 నుంచి 50 పౌండ్లకు దించేలా చట్టం చేసింది. 2025 నవంబరు బడ్జెట్‌లో, 2017 నుంచి ఉన్న ఇద్దరు పిల్లల పరిమితిని (మూడో బిడ్డ నుంచి అదనపు సాయం ఇవ్వని నిబంధనను) ఎత్తేస్తామని ప్రకటించింది. ఒకే ఏడాదిలో ఒక చోట తగ్గింపు, ఒక చోట వెనకడుగు, ఒక చోట పెంపు. వీటన్నిటికీ ‘కోత’ అని ఒకే మాట వాడితే పాఠకుడికి ఏమర్థమవుతుంది?

సదరం క్యాంపుల వార్తలు రాసే విలేకరులు ఈ పిప్ పట్టిక ఒకసారి చూస్తే బాగుంటుంది. మన దగ్గర శాతం కొలుస్తారు. 40కి తగ్గితే దివ్యాంగుల పింఛను రాదు. మోకాలు ఎంతవరకు వంగుతుందో డాక్టరు కొలిచి రాస్తాడు. ఆ మోకాలితో చెరువు గట్టు దిగి స్నానం చేసి రాగలడా అన్న ప్రశ్న ఆ కాగితంలో ఉండదు. పిప్ నిబంధనల్లో ఒక పని ‘చేయగలడు’ అని రాయాలంటే నాలుగు షరతులున్నాయి: ప్రమాదం లేకుండా, ఓ మోస్తరు సరిగ్గా, అవసరమైనన్ని సార్లు, మామూలు మనిషికి పట్టే గరిష్ఠ సమయానికి రెట్టింపు మించకుండా. ఇది మనం తెచ్చుకోదగ్గ సరుకు. తెచ్చుకోకూడనిదీ ఉంది. ఇబ్బంది సగానికి పైగా రోజుల్లో ఉండాలంటారు. ఉద్దానంలో వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లే రోగికి ఆ మూడు రోజులే లెక్కేస్తే ఏడింట సగం కూడా కాదు. మర్నాటి నీరసాన్ని కూడా రాయించుకోగలిగితేనే గట్టెక్కుతాడు.

అద్దె సంగతి చెబుతామన్నాం. ప్రైవేటు ఇంట్లో ఉండేవారికి ఇచ్చే అద్దె సాయానికి ప్రతి ప్రాంతానికీ ఒక హద్దు ఉంటుంది. అక్కడి అద్దెలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి, నూటిలో ముప్పయ్యో ఇంటి అద్దె దగ్గర గీత గీస్తారు. 2011కు ముందు ఆ గీత యాభయ్యో ఇంటి దగ్గర ఉండేది. పైగా గీతను ఏటా జరపరు. 2024 ఏప్రిల్‌లో సరిచేసి మళ్లీ కదపకుండా వదిలేశారు. అద్దెలు మాత్రం ఆగలేదు. 35 ఏళ్ల లోపు ఒంటరివాడికి సాధారణంగా ఇచ్చేది పదిమందితో పంచుకునే ఇంట్లో ఒక గది అద్దె మాత్రమే. తేడా ఎంతైతే అంత ఆ 400లోంచే కట్టాలి. పోనీ స్థానిక సంస్థ తక్కువ అద్దెకిచ్చే కౌన్సిల్ ఇంటికి వెళ్దామంటే, 1980 చట్టంతో అద్దెకున్నవాళ్లకే రాయితీ మీద అమ్మడం మొదలై ఇంగ్లండ్‌లో దాదాపు ఇరవై లక్షల ఇళ్లు చేతులు మారాయి. అమ్మినన్ని కట్టలేదు. ఇప్పుడు ఇళ్ల కోసం వరుసలో పదమూడు లక్షల కుటుంబాలు, తాత్కాలిక బసల్లో లక్షా ముప్పై వేలకు పైగా. పిల్లలున్న కుటుంబాన్ని లాడ్జి గదిలో ఆరు వారాలకు మించి ఉంచకూడదని నిబంధన. అయినా కౌన్సిళ్లు దాన్ని దాటుతూనే ఉన్నాయి. మన దగ్గర పేదలకిచ్చిన లేఅవుట్లలో సెంటు, సెంటున్నర స్థలాలున్నాయి, పునాదులు లేచి ఆగినవీ ఉన్నాయి, పనికి పోయే బస్సు అక్కడిదాకా రాదు.

చివరిగా, సిక్కోలు నుంచి, విజయనగరం నుంచి పిల్లల్ని చదువుకు పంపే తల్లిదండ్రుల కోసం. విద్యార్థి వీసా మీద ‘ప్రభుత్వ నిధులు వర్తించవు’ అని షరతు ఉంటుంది. పైన చెప్పిన యూనివర్సల్ క్రెడిట్, పిప్, కౌన్సిల్ ఇల్లు ఏవీ వాళ్లకు రావు. వర్తించేవి వేరే ఉన్నాయి. కనీస వేతనం వర్తిస్తుంది, వీసా మీద ఉన్నావు కాబట్టి తక్కువిస్తాననడం చట్టవిరుద్ధం. డిగ్రీ, పీజీ చదివేవారు సెమిస్టరు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు, మించితే వీసాకే ముప్పు. ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇంటికి డిపాజిట్ సాధారణంగా ఐదు వారాల అద్దెకు మించరాదు, గది ఆపి ఉంచడానికి తీసుకునేది ఒక వారానికి మించరాదు. డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లో గుర్తింపు పొందిన రక్షణ పథకంలో పెట్టాలి, లేదంటే ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. కారణం చెప్పకుండా ఇల్లు ఖాళీ చేయించే సెక్షన్ 21ను 2025 చట్టం రద్దు చేసింది, అమలు 2026 మే 1 నుంచి. తెలిసినవాళ్ల గది కదా అని రసీదు లేకుండా నగదు ఇచ్చేవారికి ఈ అద్దె రక్షణలు రుజువు లేక అక్కరకు రావడం కష్టం.

కాబట్టి మనవి ఒక్కటే. పౌండ్లను రూపాయల్లోకి మార్చి వేసేటప్పుడు, అది అక్కడి కనీస వేతనంలో ఎన్ని గంటలో కూడా పక్కన వేయండి. 2026 ఏప్రిల్ నుంచి భాగించాల్సిన అంకె 12.71.

ఇట్లు,
ఆర్థికశాస్త్ర అధ్యాపకులు, శ్రీకాకుళం