రెండో అధ్యయనం సంగతి ఎందుకు రాయలేదు?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గుండెపోటుకు చవక మాత్ర దొరికిందంటూ వచ్చిన వ్యాసం మా ఇంట్లో మూడు రోజులు గొడవ పెట్టింది. అది సద్దుమణిగాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బావమరిదికి మార్చిలో స్టెంట్ వేశారు. మీ వ్యాసం చదివి, వైద్యుణ్ణి అడగకుండా, సందు చివరి దుకాణంలో కోల్చిసిన్ మాత్రలు కొనుక్కొచ్చాడు. చీటీ ఏదని అక్కడ అడిగిన పాపాన పోలేదు. రెండో రోజు నుంచి విరేచనాలు. తెల్లవారుజామున మూడింటికి నేను గ్లాసులో ఓఆర్ఎస్ కలుపుతుంటే, దిండు కింద నుంచి పేపరు ముక్క తీసి "ఇందులో అలా రాయలేదే బావా" అన్నాడు. నిజమే, రాయలేదు.

రాసింది కెనడా వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన 2019 నాటి కోల్‌కాట్ అధ్యయనం గురించి. గుండెపోటు వచ్చి నెల దాటని 4,745 మందిలో సగం మందికి రోజుకు అర మిల్లీగ్రాము ఇచ్చారు. మళ్లీ గుండె, మెదడు చిక్కుల్లో పడినవాళ్లు మాత్ర వేసుకున్న వైపు 5.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 7.1 శాతం. రక్తనాళంలో వాపు తగ్గితే మళ్లీ పూడిక రాదన్న ఆశ కూడా సబబే. 2023లో అమెరికా అనుమతీ ఇచ్చింది. అయితే ఇదే మాత్ర మీద క్లియర్ సినర్జీ అనే రెండో అధ్యయనం ఫలితాలు 2024లో వెలువడ్డాయి, అవి మీ కంట పడలేదా? 14 దేశాల్లో 7,062 మంది, గుండెపోటుతో యాంజియోప్లాస్టీ చేయించుకున్నవాళ్లు, అంటే అచ్చం మా బావమరిది లాంటివాళ్లు. సుమారు మూడేళ్లు గమనిస్తే ఇటు 9.1, అటు 9.3 శాతం. తేడా లేనట్టే. విరేచనాల్లో మాత్రం తేడా కనిపించింది, 10.2 శాతం, 6.6 శాతం. మావాడు ఏ లెక్కలోకి వస్తాడో చెప్పనక్కర్లేదు.

బొటనవేలు వాచి సలిపే గౌట్ జబ్బుకు ఇది పాత మందే. కాదనను. కానీ అడవినాభి దుంపలో ఉండే విషమూ ఇదే. ములుగు వైపు పశువుల కాపరి కూడా ఆ దుంప జోలికి పోడు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు, క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్ మందులు వాడుతున్నవాళ్లకు ఇది ప్రమాదమన్న ఒక్క వాక్యానికి మీ పేజీలో చోటు చాలలేదు. పక్కనే మోకాళ్ల నూనె ప్రకటనకు మాత్రం అరపేజీ దొరికింది!

మందుల తనిఖీ అధికారులనే మాట వినడమే గానీ మా వీధిలో వాళ్లను చూసినవాళ్లు లేరు. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగిందన్న ఫ్లెక్సీలు మాత్రం ప్రతి కూడలిలో ఉన్నాయి. ములుగు జిల్లా ఏటూరునాగారంలో గుండె పట్టుకుని బండెక్కిన మనిషి నాళం తెరిచే బల్ల మీదికి చేరేసరికి ఎంత కండరం చచ్చిపోతుందో ఏ ఫ్లెక్సీ మీద రాస్తారు? ఆ సంగతి ఒక ఆదివారం మీరైనా రాయవచ్చు. దానికి కెనడా దాకా పోనక్కర్లేదు, ములుగు బస్సెక్కితే చాలు.

సవరణ వేస్తారన్న ఆశతో ఉన్నాను. లోపలి పేజీ మూలన చిన్న అక్షరాల్లో వద్దు, ఆ వ్యాసం ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంతలోనే వేయండి. మా బావమరిదికి శుక్లాల ఆపరేషన్ ఇంకా కాలేదు. పైగా ఆ పేపరు ముక్కకు నకలు తీయించి కరీంనగర్‌లోని తన వియ్యంకుడికి కూడా పంపాడు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ