ఒక ఇల్లు మరిచిపోయినానని ఫోన్ చేసిన అవ్వకు

నిన్న మధ్యాహ్నం నా ఎం.ఎడ్. వైవా అయిపోయింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను.

నా డిసర్టేషన్ సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలికి వలస పోయే కుటుంబాల పిల్లల చదువు మీద. కర్నూలు పడమటి మండలాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దీపావళి దాటితే చాలు, కోసిగి, ఆదోని వైపు ఊర్లు మూటాముల్లె కట్టుకొని గుంటూరు మిరప కోతలకు కదులుతాయి, వెంట పిల్లలు కూడా. నేను వెళ్లేసరికి కోసిగి మండలంలోని ఆ ఊర్లో సగం ఇండ్లకు తాళాలు. బడి రిజిస్టర్లో మాత్రం దాదాపు అందరూ హాజరు! ప్రశ్నావళి తాళాలకిచ్చి నింపమనాలా? రచ్చకట్ట మీద కూర్చున్నాను, ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడొచ్చింది అవ్వ. ముగ్గురు పిల్లల్ని ఆమె దగ్గర వదిలి కొడుకూ కోడలూ పోయారట. "ఏం పాపా, ఎవురింటికొచ్చినావు?" అని అడిగి, సంగతి విని, చిన్న మనవరాలిని చంకనేసుకొని లేచింది. సందు సందూ తిప్పింది. ప్రతి తాళం ముందు నిలబడి, ఈ ఇంట్లో ఇద్దరు, పెద్దది నాలుగు చదువుతా మానింది, ఈడ ఒకడే, వాడు పోయినేడు కూడా పోయినాడు అని వేళ్ల కణుపుల మీద చెప్తుంటే నేను రాసుకుంటూ వెనకాల నడిచాను. 41 మంది పిల్లలు, పేర్లతో సహా, ఎవరు ఏ మేస్త్రీ (కూలీలను తీసుకుపోయేవాడు) వెంట పోయారో కూడా. ఆమెకు సంతకం రాదు. పొద్దు గుంకాక జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టింది. డబ్బులిస్తే చెయ్యి తోసేసింది.

అంతటితో అయిపోయుంటే మంచి మనిషి అనుకొని ఊరుకునేదాన్ని. తొమ్మిది రోజులకు తెలియని నంబర్ నుంచి ఫోన్. అవ్వ! "పాపా, ఒక ఇల్లు మరిచిపోయినా. మారెమ్మ గుడి ఎనక. ఇద్దరు పిల్లోళ్లు. రాసుకో, లేకుంటే నీ లెక్క తప్పు పోతాది." కర్నూలు బస్టాండులో అందరి ముందూ ఏడ్చేశాను. అక్కడ బడిలో లేని పిల్లలకు రోజూ హాజరు పడుతూనే ఉంది, ఇక్కడ ఈమెకేమో నా లెక్క తప్పుతుందని బెంగ. 43. నిన్న ఎగ్జామినర్ ఆ పేజీ రెండుసార్లు తిప్పి చూశారు.

అన్నట్టు ఆ ఊరికి సీజనల్ హాస్టల్ మంజూరైంది, అమ్మానాన్నలు వలస పోయినా పిల్లలు ఊర్లోనే ఉండి చదువుకోవడానికి. తెరిచేసరికి జనవరి, అప్పటికి జనం పోయి రెండు నెలలు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అందులో 5వ సెక్షన్ ఏమంటుందంటే, వేరే బడికి పోయే పిల్లలకు టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదు. మరి కోతలకు పోయిన చోట బడికెళ్తే "టీసీ ఏదమ్మా" అని పంపేశారని నాకు ఎందరు తల్లులు చెప్పారో. పద్నాలుగు దాటిన ఆడపిల్లకైతే మామూలుగా ఆ చట్టమే వర్తించదు. ఇక నా సంగతి, రిజిస్టర్లు చూసే అనుమతి కాగితానికి ఒక ఆఫీసు చుట్టూ ఐదు వారాలు తిరిగాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీ ఇంకా నా సర్టిఫికెట్లు పట్టుకొని కూర్చుంది. సామాజిక న్యాయం మీద మాకు పరీక్ష పెట్టేది కూడా వాళ్లే. సరే, ఈ రోజుకి వద్దులే.

అమ్మా, నాయనా, మా ఆయనా, మీకు చెప్పేదేముంది, మీకు తెలుసు. చాప్టర్లు నాలుగుసార్లు దిద్దిన గైడు మేడమ్‌కు నమస్కారాలు.

అయ్యో, రాజ్‌విహార్ దగ్గర డీటీపీ అన్న, రాత్రి 11 దాకా షట్టర్ సగం దించి బైండింగ్ చేసిచ్చారు. ల్యాప్‌టాప్ ఇచ్చిన రూమ్మేటు, నా టెన్షన్ కూడా తనే పడింది. బస్సు తప్పిన రోజు ఆదోనిలో దింపిన ట్రాక్టర్ ఆయన.

అవ్వకు ఫోనిచ్చిన అంగడాయన! ఆయన్నే మరిచిపోయాను చూడండి. పొద్దున అదే నంబర్‌కు చేస్తే అవ్వ కూలికి పోయిందన్నాడు. ఆదివారం పుస్తకం తీసుకొని వస్తున్నానని చెప్పమన్నాను.